హార్స్‌లీ కొండమీద రెండు రాత్రులు

శనివారం పొద్దున్నే రెజీనా దిండ్లకు కొత్త గలేబులు తొడిగింది. కాసేపటికే వాటిని తీసేసి పాతవి తొడిగింది. "మరీ కొత్తవైతే దుబారా మనుషులనుకుంటాడేమో" అంది. టిఫిన్ కాగానే మళ్లీ కొత్తవే తొడిగింది. "పాతవైతే బిల్లు కట్టలేరనుకుంటాడు."

క్రెడిట్ కార్డు కోసం ఇల్లు చూసుకుపోవడానికి ఆ రోజు బ్యాంకు మనిషి రావాలి. హెన్రీ కర్నూలులో ఒక స్కానింగ్ సెంటర్లో రిసెప్షనిస్టు, రెజీనా ప్రైవేటు బడిలో సైన్సు టీచరు. వాళ్ల రెండు జీతాలూ కలిసి నెలాఖరును దూరం నుంచి చూడగలవు కానీ, అందుకోలేవు. అయినా ఆ కార్డు మీద ఇద్దరికీ ప్రాణం. ఈ నెలలో తీసుకున్నవాళ్లకు హార్స్‌లీ హిల్స్ హోటల్లో ఇద్దరికి రెండు రాత్రులు ఉచితం. పెళ్లయ్యాక వాళ్లు కలిసి చేసిన దూర ప్రయాణమల్లా బద్వేలు. అదీ అత్తగారి ఊరు. ఆ బస్సులో మధ్య సీటు అత్తగారిది.

"ఏమండీ, బాల్కనీలో నిలబడి చూడండి. వద్దొద్దు, కాచుకోని ఉన్నట్టుంటాది. లోపలికి రండి."

హెన్రీ లోపలికి వచ్చాడు. అప్పుడే సందు మొదట్లో బ్యాంకు మనిషి నాగరాజ్ బైకు ఆపాడు.

ఆ సందుకు ఒక ధర్మం ఉంది. భుజాన సంచీ, మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న మనిషి ఎవరి పేరు అడిగినా, ఆ పేరుగలవాళ్లు ఊళ్లో ఉండరు. గ్రూపు లోన్లు వసూలు చేసేవాళ్లు రావడం మొదలైన నాటి నుంచీ ఇదే ఆచారం. దానికి ద్వారపాలకుడు ఇస్త్రీ బండి గిడ్డయ్య.

"అన్నా, హెన్రీ అని, ఇల్లు యాడ?"

"హెన్రీనా? ఆ పేరే ఇనలేదప్పా" అన్నాడు గిడ్డయ్య, హెన్రీ చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె తిప్పుతూ.

కబురు కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలు ఓబులమ్మకు చేరింది. ఆమె సొంతూరు కోసిగి. భర్త పోయాక వచ్చే పింఛను, ఈ ఇల్లు, ఒక మేక ఆమె ఆస్తి. పై వాటా పిల్లలను నేరుగా అడిగితే చిన్నబోతారని, ఆమె బద్వేలులో ఉన్న హెన్రీ తల్లి రాహేలమ్మకు ఫోన్ చేసింది.

"వదినా, నీ కొడుకు కోసరం బ్యాంకోడు తిరుగుతాండాడు. ఎంత దుడ్లు తీసుకున్యాడో ఏమో!"

నిమిషంలో హెన్రీ ఫోన్ మోగింది.

"నాయనా, తిన్నావా?"

"తిన్నామ్మా. దోసె."

"దోసెకు పిండి ఉండాదా ఇంట్లో? నిజం చెప్పు. అమ్మ దగ్గర దాచొద్దు."

ఆమె పెట్టేయగానే మేనమామ, ఆయన వెనక పిన్నమ్మ. అందరికీ ఆ దోసె మీదే అనుమానం. మధ్యలో నాగరాజ్ ఎన్నిసార్లు చేసినా లైను దొరకలేదు.

"పెట్టెయ్యండి! ఆయన చేస్తాంటాడు" అంటూ రెజీనా గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూనే ఉంది.

మధ్యాహ్నం నాగరాజ్ ఇంటింటా అడుగుతూ అడుగుతూ ఓబులమ్మ వాకిలికి చేరాడు.

"వాళ్లు ఊరికి పోయినారు నాయనా."

"పైన ఎవరో నడుస్తాండారే?"

"మేక."

"మేక ఈడే ఉండాది కదవ్వా?"

"ఇంగోటి. ఎండన పడొచ్చినావు, కూచో. మజ్జిగ తాగుదువు."

అతన్ని మెట్లెక్కనివ్వకూడదని ఓబులమ్మ చెంబు మీద చెంబు మజ్జిగ పోసింది. భర్త సంగతి, పింఛను సంగతి, ఇంటి సంగతి చెప్పుకొచ్చింది. వింటూ వింటూ నాగరాజ్ మెల్లగా సంచీలోంచి ట్యాబ్ తీశాడు.

పొద్దు వాలాక ఆటో ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి పాస్టరుగారు, ప్రార్థన గుంపు సిస్టర్లు దిగారు. అప్పుల ఊబిలో ఉన్న తన బిడ్డ కోసం ప్రార్థించమని రాహేలమ్మ సంఘం గ్రూపులో పెట్టిన మెసేజ్ బద్వేలు నుంచి కర్నూలు దాకా పాకింది. వాళ్లు పైకెక్కారు. ఆ మేకను చూద్దామని నాగరాజ్ వాళ్ల వెనకే ఎక్కాడు.

హెన్రీ నోరు తెరిచేలోపే పాస్టరుగారి చెయ్యి అతని తల మీద పడింది. "ప్రభువా! ఈ బిడ్డను బ్యాంకుల చేతిలోనుంచి విడిపించు!"

"ఆమెన్!" అన్నారందరూ. అలవాటుకొద్దీ హెన్రీ కూడా అన్నాడు. కళ్లు తెరిచేసరికి గుమ్మంలో ట్యాబ్ పట్టుకుని ఒక మనిషి.

"హెన్రీ అంటే మీరేనా?"

"మాకు అప్పుల్లేవండీ!" అంది రెజీనా, షర్బతు గ్లాసుల పళ్లెంతో.

"ఇంక లేవమ్మా, నమ్ము" అన్నారు పాస్టరుగారు.

నాగరాజ్ షర్బతు తాగి, ట్యాబ్ మీద ఏదో నొక్కి వెళ్లిపోయాడు. సోమవారం మెసేజ్ వచ్చింది. కార్డు ఇవ్వలేమట. రెజీనా కొత్త గలేబు తడిసేదాకా ఏడ్చింది. తర్వాత ఓబులమ్మ చెప్పిన ఆ మేక మాట గుర్తొచ్చి మధ్యలో నవ్వింది, మళ్లీ ఏడ్చింది.

తర్వాతి వారం ఓబులమ్మ ఒక కవరు పట్టుకుని మెట్లెక్కింది. "పాపా, ఇదేందో చూడు. ఆ పిల్లోడు ఎండన పడి ఉత్త చేతుల్తో పోతాడే అని యేలిముద్ర ఏసినా."

లోపల ఓబులమ్మ పేరున కార్డు. దానితో పాటు హార్స్‌లీ హిల్స్‌లో ఇద్దరికి రెండు రాత్రులు. రెజీనా అది పైకి రెండుసార్లు చదివింది.

"ఇద్దరికా?" అంది ఓబులమ్మ. "అట్లయితే మీ అత్తకు ఫోన్ చెయ్యి. నా మాట ఇని పాపం శానా అల్లాడిపొయ్యింది."

వియ్యపురాళ్లలా ముస్తాబై పెద్దవాళ్లిద్దరూ కొండెక్కారు. ఇంటి తాళాలు, మేక వీళ్లకు మిగిలాయి. సాయంత్రం ఇద్దరూ మిద్దె మీద నీళ్లు చల్లారు. కాలిన గచ్చు చురచురలాడి చల్లబడింది. రెజీనా కొత్త గలేబు దిండ్లు పైకి తెచ్చింది. "తిన్నావా" అని ఎవరూ ఫోన్ చెయ్యలేదు. కొండమీద స్వెట్టర్లలో వణుకుతున్న ఆడవాళ్ల ఫోటో వస్తే చూసి, ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నారు. పెద్దవాళ్లు ఇంకో వారం ఉండొస్తే బాగుండుననిపించింది రెజీనాకు.

మర్నాడు తలుపు చప్పుడైంది. నాగరాజ్.

"ఓబులమ్మవ్వ ఉండాదా? ఇంగో యేలిముద్ర కావాల."

"ఊరికి పోయినారండీ."

మిద్దె మీద టకటకమని అడుగుల చప్పుడు. నాగరాజ్ తలెత్తి చూశాడు.

"పైన ఎవరు?"

"మేక" అంది రెజీనా.

రెండూ నిజాలే. నాగరాజ్ ఒక్కటీ నమ్మలేదు.