పచ్చికకు పూర్తి విశ్రాంతి

పలాస జీడివనం చిల్డ్రన్స్ పార్కులో అరిగిపోయిన పచ్చికకు పూర్వవైభవం తెచ్చేదాకా నిద్రపోనని పార్కు కమిటీ చైర్మన్ గోపాలరావు గారు ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. సమస్యను దగ్గర నుంచి చూసే మనిషి కనుక, ప్రెస్‌మీట్‌ను ఆ పచ్చిక మీదే పెట్టించారు.

"నష్టానికి కారణం పిల్లలు. పరిగెత్తడం, దొర్లడం, గెంతడం... పార్కులో ఇవన్నీ అనాథరైజ్డ్ యాక్టివిటీస్," అన్నారు.

లాన్ రికవరీ బాధ్యతను కమిటీ గుమస్తా పురుషోత్తానికి అప్పగించారు. పురుషోత్తం అమాయకుడు. బాధ్యత అంటే పని చేయడమనుకున్నాడు. పిల్లల కాళ్ల కింద గట్టిపడ్డ నేలను పొడిచి గుల్ల చేశాడు. చివికిన పేడ ఎరువు చల్లాడు. బోడిపడ్డ చోట గడ్డి పిలకలు నాటి, ఎండ ముదరకముందే నీళ్లు పెట్టాడు. గేటుకు తాళం వేశాడు.

అతని మనవరాలు గౌతమి గేటు కమ్మీలు పట్టుకుని నిలబడింది.

"ఏటి తాతా, ఇంకెప్పుడు ఆడుకోవాల?"

"వేరు పట్టనీ అమ్మా. కొన్నాళ్లు ఎవులూ తొక్కకపోతే అదే లేత్తాది."

సరిగ్గా వేరు పట్టే సమయానికి గోపాలరావు గారు రివ్యూకు వచ్చారు. వెంట కార్యకర్తలు, షామియానా, కుర్చీలు, టిఫిన్లు. రివ్యూ పచ్చిక నడిమధ్యన జరిగింది. అందరూ లేచాక చూస్తే పిలకలు నేలకు అంటుకుపోయి ఉన్నాయి.

చైర్మన్ గారు చాలా బాధపడ్డారు.

"పిల్లలు మళ్లీ వచ్చారోయ్."

"గేటుకి తాళం ఉందండి."

"అయితే గోడ దూకుతున్నారు. ఎత్తు పెంచండి."

గోడ ఎత్తు పెంచే పనికి శంకుస్థాపన కూడా పచ్చిక మీదే అయింది. ఆ తర్వాత పచ్చిక పరిరక్షణ వారోత్సవాలు వచ్చాయి. ర్యాలీ పచ్చిక చుట్టూ తిరగాలి గానీ, ఎండగా ఉందని అడ్డంగా వెళ్లింది. ప్రతిసారీ పురుషోత్తం కూర్చుని మళ్లీ పిలకలు నాటాడు. నడుం పట్టేసింది. చివరికి ధైర్యం చేశాడు.

"అయ్యా, మనవే తొక్కుతన్నామేమోనండి."

గోపాలరావు గారు వాత్సల్యంతో నవ్వారు. "తొక్కడం లేదయ్యా. పర్యవేక్షిస్తున్నాం."

ఇంతలో ఎన్నికల కోడ్ వచ్చింది. రివ్యూలు ఆగిపోయాయి. శిలాఫలకాలకు గుడ్డలు చుట్టారు. చైర్మన్ గారు ఉద్దానం ఊళ్లలో ప్రచారానికి వెళ్లిపోయారు. పచ్చికను పట్టించుకునే నాథుడు లేకుండా పోయాడు.

గడ్డి లేచింది. పాదం మునిగేంత ఒత్తుగా లేచింది.

పురుషోత్తం తాళం తీసి పిల్లల్ని లోపలికి రానిచ్చాడు. ఒకనాడు ఈ పక్క ఆడమనేవాడు, మర్నాడు ఆ పక్క. వాళ్లు దొర్లి వెళ్లిన చోట గడ్డి తెల్లారేసరికి తలెత్తుకుని నిలబడేది. ఎన్నాళ్లకో అతను బెంచీ మీద కూర్చుని వేరుశనక్కాయలు తిన్నాడు.

ఫలితాలొచ్చాయి. గోపాలరావు గారి పార్టీ గెలిచింది. ఊరేగింపు నేరుగా పార్కుకే వచ్చింది. పిల్లలు ఆట ఆపి, గోడవారగా నడిచి బయటికి వెళ్లిపోయారు. పచ్చదనం చూసి చైర్మన్ గారి కళ్లు చెమర్చాయి.

"చూశారా, పర్యవేక్షణ ఫలితం. ఇక నుంచి రోజూ నేనే వచ్చి చూసుకుంటాను," అని బ్యాండు వాళ్లను, కార్యకర్తలను లోపలికి పిలిచారు.

పురుషోత్తం చేతులు కట్టుకుని దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, మళ్లీ ఎలక్షన్లు ఎప్పుడండి?"

గోపాలరావు గారు చలించిపోయారు. తన మెడలోని దండ తీసి అతని మెడలో వేశారు.

"అభిమానమంటే ఇదీ," అన్నారు కార్యకర్తల వైపు తిరిగి.