రెండో చరణం దగ్గర

ఆ గురువారం మధు వేసుకున్న పథకం చాలా సులువైనది. పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లోని దశరథ స్టూడియోకి చేరాలి, మధ్యాహ్నానికల్లా పాట రికార్డు చేసుకుని బయటపడాలి. మర్నాడు తెలంగాణ బంద్. ఆ పైరోజు నుంచి ఎల్బీ నగర్ లారీ ఆఫీసులో కూర్చోవాలని తండ్రి బక్కయ్య హుకుం. "పాట చేతిల పెట్టు, ఇంకో ఏడాది డ్రమ్ములు కొట్టుకో. లేకుంటె లోడ్లు ఎక్కించుకో" అని తేల్చేశాడు.

పాట మీద మధుకు అనుమానమే లేదు. సరూర్‌నగర్‌లో పట్టాభి గారి మేడ మీద గది కిరాయికి తీసుకుని, నలుగురు కుర్రాళ్లూ ఎండాకాలమంతా ఆ ఒక్క పాటే వాయించారు. వినేవాడికి రాక్ పాటంటే కాసేపు హోరు. వాయించేవాడికి మాత్రం అదే ముక్కను నిద్రలో కూడా తప్పు పోనంతగా అరగదీయడం. ఇప్పుడు వాళ్ల చేతులు బుర్రను అడగడం మానేశాయి.

చిక్కు అక్కడే వచ్చింది.

స్టూడియోలో పాట రైలులా దూసుకుపోయింది. రెండో చరణం అందుకున్నారు. ఉన్నట్టుండి నలుగురూ ఒక్కసారే ఆగిపోయారు. గిటార్ వాయించే వంశీకృష్ణ మైకులో వినయంగా "సారీ అంకుల్" అన్నాడు.

"ఏ అంకుల్?" అద్దం వెనక నుంచి అడిగాడు దశరథ.

మధుకు అప్పుడు వెలిగింది. డ్రమ్ములు జోరందుకునేది ఆ చరణం దగ్గరే. మేడ మీద గదిలో సరిగ్గా అక్కడే పట్టాభి గారు కింది నుంచి కర్రతో పైకప్పును ఒక్కటి పొడిచేవారు. వీళ్లు ఆగేవారు, వంశీ సారీ చెప్పేవాడు, మిగతాది మెల్లగా కానిచ్చేవారు. ఆ దెబ్బ కూడా పాటతోపాటు కంఠతా వచ్చేసింది!

మళ్లీ వాయించారు. మళ్లీ సారీ. ఆగకూడదని ఒట్టేసుకుంటే, దెబ్బ కోసం ఎదురుచూస్తూ తాళం వంకర్లు పోయింది. సంగతి విని విసిగిపోయిన దశరథ, ఆ దెబ్బేదో తనే వేద్దామని చరణం దగ్గర కుర్చీ ఎత్తి నేలకేసి కొట్టాడు.

"గట్ల కాదన్నా. అంకుల్ జర లేటుగ కొడ్తడు" అన్నాడు మధు.

"అయితే ఆయన్నే పిలువుర భై! ఇంకో పార్టీ వస్తది నాకు."

ఫోన్ పట్టాభి గారి భార్య ఇందిరాదేవి ఎత్తింది. "ఆంటీ, అంకుల్‌ను జల్ది దిల్‌సుఖ్‌నగర్ స్టూడియోకు పంపుండ్రి. కర్ర మర్చిపోవద్దు!" అన్నాడు మధు. వెనక వంశీ, దశరథ అరుచుకుంటున్నారు. బంద్ ముందురోజు ఆవిడకు తోచింది ఒక్కటే.

"ఏవండోయ్! తెలంగాణ గొడవలో మధూ, మన కోస్తా కుర్రాడు వంశీ కొట్టేసుకుంటున్నారండీ. విడదీయడానికి కర్ర కూడా కావాలట!"

పట్టాభి గారు బనియన్‌తోనే ఆటో ఎక్కారు. దారిలో ఊరేగింపు అడ్డమొచ్చింది. దిగి, కర్ర పైకెత్తి, "తప్పుకోండి బాబూ, పిల్లలు ప్రమాదంలో ఉన్నారు!" అంటూ పరుగందుకున్నారు.

"స్టూడెంట్లను పోలీసోళ్లు పట్టుకున్నట్టున్నరు, పాండ్రి!" అని అరిచాడు ముందు నడుస్తున్న జానయ్య. సగం ఊరేగింపు ఆయన వెంట పడింది. పరుగులోనే ఎవరో కర్రకు జెండా కట్టేశారు.

స్టూడియో తలుపు భళ్లున తెరుచుకుంది. "ఎవడ్రా ముందు చెయ్యి చేసుకుంది?" గర్జించారు పట్టాభి గారు.

"ఎవలు లేరంకుల్. మీరే ఒక్కటి కొట్టాలె... పాటల" అన్నాడు మధు.

విషయం విని ఆయన నోరు తెరిచారు. "అయితే కొట్టు పెద్దాయనా, మాకు అవతల మీటింగుంది" అన్నాడు జానయ్య.

పట్టాభి గారు చెక్కనేల మీద కొట్టారు, పసిపిల్లను నిద్ర లేపుతున్నంత సుతారంగా.

"కోపంగ కొట్టాలె అంకుల్."

"మీరు క్షేమంగా కనిపిస్తుంటే కోపం ఎక్కణ్ణుంచి తెమ్మంటావయ్యా?"

మధు రెండడుగులు వెనక్కి వేశాడు. "మొన్న మీ ఆవకాయ జాడీ పగలగొట్టింది పిల్లి కాదు. నేనే. దానిమీద తాళం ప్రాక్టీసు చేసిన."

పట్టాభి గారి మీసం అదిరింది. దశరథ చప్పున మీట నొక్కాడు. పాట మొదలైంది, రెండో చరణం వచ్చింది, కర్ర ధన్‌మని పడింది. ఒట్టు ప్రకారం ఎవరూ ఆగలేదు, సారీ చెప్పలేదు. దెబ్బ మీదుగా పాట మెత్తగా జారి, చివరిదాకా నడిచింది. ఊరేగింపు చప్పట్లు కొట్టింది. లారీ ఆఫీసు తప్పిందని మధు కళ్లు మూసుకున్నాడు.

"ఆగండి" అన్నారు పట్టాభి గారు. "నా దెబ్బ వెంట్రుకవాసి ముందు పడింది. మళ్లీ."

"సూపర్ వచ్చింది సార్!" అన్నాడు దశరథ.

"మీకొస్తే సరా? నాకు నచ్చొద్దూ? రిహార్సల్ లేకుండా పిలిస్తే ఇలాగే ఏడుస్తుంది. రేపు బంద్, ఎవరికీ పనుండదు. తెల్లారేసరికి అందరూ మేడ మీదుండాలి. ఇక రోజూ అంతే."

ఆ నెలాఖరుకు గది ఖాళీ చేస్తామని మధు వాళ్లే చెప్పేశారు.