సగటు బొమ్మకి సరిపోయిన మనిషి

కాకినాడ దేహచిత్ర పరిశోధన సంస్థలో స్కాన్ బొమ్మ మీద ఏ మార్పు చేస్తే ఆ మార్పే రోగికీ జరుగుతోందని తేలినప్పుడు, సంస్థవారు చేసిన మొదటి పని, ఇది ఏ విభాగం కిందికి వస్తుందో తేల్చడానికి ఒక కమిటీ వేయడం. మందుల విభాగం ఒప్పుకోలేదు. మందు లేకుండా నయమైతే తాము సంతకం ఎక్కడ పెట్టాలని అడిగింది. శస్త్రచికిత్స విభాగం ఆలోచించి చెబుతానని ఇంకా ఆలోచిస్తోంది. చివరికి ఆ బాధ్యత బొమ్మల విశ్లేషణ విభాగానికి వచ్చి పడింది. అందులో పెద్ద విశ్లేషకురాలు కలిదిండి హైమావతి. ఆ రోజంతా ఆవిడ కాలు నేల మీద నిలవలేదు.

అప్పటిదాకా ఆవిడ పనేమిటో ఇంట్లోవాళ్ళకి కూడా సరిగ్గా తెలియదు. స్కాన్ బొమ్మల్లో మసక తీసేయడం, ఊపిరితిత్తి ఎక్కడితో అయిపోయి గుండె ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం, గీత లోపల ఎంత ఉందో కొలవడం. డాక్టర్లు ఆవిణ్ణి ‘కంప్యూటరమ్మాయి’ అని పిలిచేవారు. ఇప్పుడు అదే డాక్టర్లు తలుపు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వస్తున్నారు. మసక తీసిన ప్రతి బొమ్మకీ ఒక రోగి ఆయాసం తగ్గి మంచం దిగుతున్నాడు. ఇంతకన్నా సంబరం ఏముంటుంది?

మొదట్లో కొన్ని పొరపాట్లు జరిగాయి. సామర్లకోట ఆసామి ఒకాయన బొమ్మ పరిశోధన పత్రిక పేజీలో నిలువుగా పట్టలేదని అడ్డంగా తిప్పి పెట్టారు. ఆ రోజునుంచీ ఆయన మంచానికి అడ్డంగా తప్ప పడుకోలేకపోతున్నాడు. భార్య వచ్చి అడిగితే పేజీ కొలత చూపించి, నచ్చజెప్పి పంపారు. ఇంకొకటి, ప్రతి బొమ్మకీ కింద కుడిమూల కొలత తెలిపే తెల్లగీత ఉండాలన్నది నియమం. అందువల్ల సంస్థనుంచి ఇంటికెళ్ళిన రోగులందరికీ కుడికాలి పక్కన నేల మీద అయిదు సెంటీమీటర్ల తెల్లగీత ఒకటి వెంట నడిచేది. దీన్ని ఎవరూ తప్పుపట్టలేదు. దర్జీలైతే మెచ్చుకున్నారు.

వెలుతురు పెంచడం తెలిశాక మాత్రం ఊరు ఊరంతా ఊగిపోయింది. జగన్నాథపురం టీచరమ్మ ఒకావిడ ఎముక బొమ్మ మసగ్గా ఉందని కొంచెం వెలుతురు పెంచితే, ఆవిడ చామనఛాయ తగ్గి బయటికొచ్చింది. ఎముక అతికిందా అని డాక్టరు అడిగితే, ‘అది తర్వాత చూద్దాంగానీ, ఇంకో రెండు పాయింట్లు పెంచుతారా’ అని అడిగింది. మరుసటి వారం సంస్థ గేటు ముందు వరస బీచ్ రోడ్డు మలుపు దాకా వెళ్ళింది. అందులో ఎముక విరిగినవాళ్ళు తక్కువ.

ఇంత సంబరంలోనూ సంస్థ క్రమశిక్షణ తప్పలేదని చెప్పాలి. సంస్థ బొమ్మలన్నీ అచ్చయ్యేది పరిశోధన వ్యాసాలు వేసే పత్రికల్లో, వాటికి ఒక పట్టింపు ఉంది. బొమ్మని ఎంతైనా సరిచేయవచ్చు, కానీ మొత్తం బొమ్మకి ఒకేలా చేయాలి. ఒక్కచోట మాత్రమే తుడిచినా, దిద్దినా అది మోసం. అలాంటి బొమ్మని వెనక్కి తీసుకుంటారు. బొమ్మకి జరిగేదే మనిషికీ జరుగుతుంది కాబట్టి, పెద్దాపురం పంతులుగారి మూత్రపిండంలో రాయిని ఒక కుర్ర డాక్టరు జాలిపడి రబ్బరుతో చెరిపేసినప్పుడు ఏమైందో సంస్థలో అందరికీ తెలుసు. పంతులుగారు గంతులేసుకుంటూ ఇంటికెళ్ళారు. పత్రికవాళ్ళు ఆ చోటు మరీ నున్నగా ఉందని పట్టేశారు, బొమ్మని వెనక్కి తీసుకున్నారు. మర్నాడు పొద్దున్న పంతులుగారి పడక మీద దుప్పటి ఉంది, పంతులుగారు లేరు. కుటుంబానికి పత్రిక తరఫున విచారం తెలియజేశారు.

అందుకే హైమావతి సగటు బొమ్మ తయారుచేసింది. ఇది ఆవిడ సొంత ఆలోచన, ఆవిడకి దాని మీద చెప్పలేనంత ప్రేమ. సంస్థలో జబ్బులేని మగవాళ్ళందరినీ, గుమాస్తాలనీ క్యాంటీన్‌వాళ్ళనీ డ్రైవర్లనీ, నిలువెత్తున స్కాన్ తీసి, ఆ బొమ్మలన్నీ ఒకదానిమీద ఒకటి పరిచి, అందరికీ కలిపి ఒక్క బొమ్మ తీసింది. అందులోని మనిషికి ఏ జబ్బూ లేదు. మీసం ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. నవ్వబోతున్నాడో లేదో చెప్పలేం. ఇక రోగి బొమ్మని సాగదీసి, నొక్కి, జరిపి ఆ సగటు బొమ్మ మీద అంగుళం తేడా లేకుండా సరిపోయేలా కూర్చోబెడితే చాలు. జబ్బు ఎక్కడున్నా పోతుంది. మార్పు మొత్తం బొమ్మకి ఒకేలా జరుగుతుంది కాబట్టి పత్రికకీ అభ్యంతరం లేదు. సంస్థ అధిపతి డాక్టర్ బుర్రా త్రివిక్రమ్ ఆ పద్ధతి విని కుర్చీలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

సరిగ్గా అప్పుడే హైమావతి భర్త సత్తిరాజుకి దగ్గు పట్టుకుంది.

సత్తిరాజు బస్టాండులో మైకు దగ్గర కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పేవాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఊరుకోవడం ఆయన వల్ల కాదు. ‘రావులపాలెం బస్సు బయల్దేరుతోందండి, కిటికీ పక్క సీటు కోసం కొట్టుకోకండి, దారిలో చూడ్డానికేం లేదు’ అనేవాడు. ‘అమలాపురం వెళ్ళాల్సిన నీలం చీర పిన్నిగారూ, మీ సంచీ ఇక్కడే మర్చిపోయారండి, వంకాయలు చూస్తే లేతగా ఉన్నాయి, తొందరగా రండి’ అనేవాడు. పైవాళ్ళు ఎన్నిసార్లు మందలించినా దులిపేసుకునేవాడు. ప్రయాణం లేనివాళ్ళు కూడా సాయంత్రం పూట బస్టాండుకొచ్చి కూర్చునేవారు. ఇప్పుడు ప్రతి మాట మధ్యా దగ్గు వస్తోంది.

స్కాన్ తీస్తే కుడి ఊపిరితిత్తిలో మిరియపు గింజంత మచ్చ కనబడింది. ఆ బొమ్మకి గీత గీయాల్సిన పని హైమావతిదే. గీసింది. గీత చుట్టూ తిరిగి మొదలైనచోటికి వచ్చాక, లోపల ఎంత ఉందో కొలవకుండానే లేచింది. కోసి తీయించుకునే దారి లేదు. శస్త్రచికిత్స విభాగంవాళ్ళు కత్తి పట్టి చాలాకాలమైంది, ఆపరేషన్ గదిలో ఇప్పుడు పాత స్కాన్‌లు దాస్తున్నారు. ఆవిడ బొమ్మ పట్టుకుని అధిపతి గదికి పరుగెత్తింది.

“మీ ఆయన బొమ్మేనామ్మా ఇది?” అన్నారు త్రివిక్రమ్ కళ్ళజోడు సర్దుకుంటూ.

“ఆయ్, మా ఆయన్దేనండి. మచ్చ చిన్నదేనండి. రబ్బరుతో ఒక్కసారి ఇలా అంటే పోతుంది. ఎవరికి తెలుస్తుందండీ?”

“పెద్దాపురం పంతులుగారి సంగతి మర్చిపోయారా?”

హైమావతి బొమ్మని వెనక్కి తీసుకోబోయింది.

“అయినా చేతిలో సగటు బొమ్మ పెట్టుకుని ఈ దిగులేంటమ్మా! మీ పద్ధతిలో మొట్టమొదట బాగుపడేది మీ ఇంటాయనే. అదృష్టం కాకపోతే ఏంటండీ ఇది?” అన్నారాయన. ఆ మాట వినగానే ఆవిడకి నిజంగానే ప్రాణం లేచొచ్చింది. తన పద్ధతి, తన బొమ్మ, తన మనిషి. ఇంటికెళ్ళేదాకా ఆగలేక ఫోను చేసి చెప్పేసింది.

ఆ సాయంత్రం సత్తిరాజు అంతా విని, దగ్గి, నీళ్ళు తాగాడు.

“ఏమే హైమా, నీ సగటాయనకి గొంతుంటుందా?”

“ఉండకేమండీ. అందరిదీ కలిపి ఉంటుంది.”

“అందరిదీ కలిపితే గొంతెలా అవుద్దే? సంత అవుద్ది.” మళ్ళీ దగ్గాడు. దగ్గు ఆగాక నవ్వాడు. “పోన్లే. బతికుంటే ఏదో ఒక గొంతుతో అరుస్తాను. కానీ రావులపాలెం మాత్రం నాలాగ అనగలడేమో కనుక్కో.”

“అన్నీ మీలాగే ఉంటాయండీ, మచ్చొక్కటే ఉండదు,” అంది హైమావతి. అలా అన్నప్పుడు ఆవిడ అబద్ధమాడుతున్నానని అనుకోలేదు. ఆశ అంతగా ఉంది.

సరిపోల్చే రోజున విభాగమంతా పెళ్ళివారిల్లులా ఉంది. కాజాల పెట్టె ముందే తెప్పించి పెట్టారు. హైమావతి సత్తిరాజు బొమ్మని సగటు బొమ్మ మీద పెట్టి, ముందు భుజాలు కలిపింది. తర్వాత పక్కటెముకలు. గడ్డం కొంచెం ఎడమకి వాలి ఉంటే సరిచేసింది. ఊపిరితిత్తి అంచులు కలిసిన క్షణాన మచ్చ ఒకసారి పల్చబడి, మరి కనబడలేదు. అందరూ కేకలు పెట్టారు. ఆవిడ కూడా కేక పెట్టింది, పక్కనున్న వాళ్ళని కావలించుకుంది, నవ్వుతూ ఏడ్చింది.

కింద హాలులో ఆ రోజు సరిపోలిన మగవాళ్ళు వరసగా బెంచీల మీద కూర్చుని ఉన్నారు. అందరికీ ఉండీ లేని మీసం, అందరికీ కుడికాలి పక్కన తెల్లగీత. ఎవరు ఎవరి తాలూకో తెలియడానికి చేతికి టోకెన్లు కట్టారు. రెండు మూడు టోకెన్లు తారుమారయ్యాయని తర్వాత తెలిసింది గానీ, ఏ ఇంటినుంచీ ఫిర్యాదు రాలేదు. హైమావతి టోకెన్ చూసుకుని తన మనిషి ముందు నిలబడింది.

“నమస్కారమండి,” అన్నాడు సత్తిరాజు లేచి. “మా ఇంటావిడ మీరేనాండి?”

“నేనేనండి,” అంది. ఆయన ఊపిరి పీల్చాడు, వదిలాడు. దగ్గు రాలేదు. ఆవిడ ఆ ఊపిరి శబ్దమే వింటూ ఆటో ఎక్కింది.

ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా బాగుందండి అంటాడు. టీవీలో ఏది పెడితే అది చూస్తాడు. పనిలో చేరిన వారానికే పైవాళ్ళనుంచి ప్రశంస వచ్చింది. ఇప్పుడు బస్టాండులో బస్సు పేరు, ప్లాట్‌ఫారం, బయల్దేరే వేళ తప్ప ఏమీ వినబడవు. ప్రయాణం లేనివాళ్ళు రావడం మానేశారు కాబట్టి కుర్చీలు ఖాళీగా, శుభ్రంగా ఉంటున్నాయి. ఇరుగుపొరుగు వచ్చి ‘మీ ఆయన ఎంత నెమ్మదస్తుడైపోయాడండీ, మా ఆయన్ని కూడా కాస్త సరిపోల్చరూ’ అని అడగడం మొదలుపెట్టారు. హైమావతికి గర్వంగానే ఉండేది. పడుకోబోయేముందు మాత్రం, ఏమీ అనకుండా పక్కకి తిరిగే ఆ మనిషిని చూసి, ఏదైనా ఒకటి అనమని అడగాలనిపించేది. ఏమని అడగాలో తెలిసేది కాదు.

సగటు బొమ్మ పద్ధతి మీద రాసిన వ్యాసాన్ని పత్రికవాళ్ళు ఒప్పుకున్నారు. ఇక మిగిలింది ఒక్క లాంఛనం. రోగి బొమ్మలోంచి సగటు బొమ్మని తీసేస్తే మిగిలేదాన్ని తేడా బొమ్మ అంటారు. సగటుకి సరిపోనిదంతా అందులోకి చేరుతుంది. వ్యాసం అచ్చయ్యేముందు దాన్ని చెరిపేయాలి. చెరిపే ముందు రోగి సమ్మతి అడగాలి. విశ్లేషకులు ఒకసారి తెరిచి చూడాలి.

హైమావతి తెరిచింది. బొమ్మంతా బూడిదరంగు. కుడివైపు మిరియపు గింజంత మచ్చ ఉంది. మచ్చ ఒక్కటే కాదు. ఒక పక్కకి లాగిన పెదవి ఉంది. స్కాన్ తీసేవాళ్ళతో ఏదో అనబోయి ఉంటాడు. ఎడమకి వాలిన గడ్డం ఉంది. ఎత్తిన కనుబొమ ఒక్కటి ఉంది. గొంతు దగ్గర, ఎవరికీ లేనన్ని గీతలు ఉన్నాయి. ఆవిడకి ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. తన మొగుడు ఇక్కడున్నాడు.

“ఇది తిరిగి కలపొచ్చాండీ?” అని అడిగింది.

“భేషుగ్గా కలపొచ్చు,” అన్నారు త్రివిక్రమ్. “మచ్చతో సహా.”

“మచ్చొక్కటీ వదిలేసి?”

“అది ఒక్కచోట మార్పు అవుతుంది కదమ్మా,” అన్నారాయన జాలిగా. ఆయన చెడ్డవాడు కాదు.

సమ్మతి కోసం సత్తిరాజుని పిలిపించారు. ఆయన తెర మీది బొమ్మని మర్యాదగా చూశాడు. పెదవినీ చూశాడు, కనుబొమనీ చూశాడు. ఎవరో తెలిసినట్టు లేదు.

“ఎక్కువమంది ఏం చేస్తున్నారండి?” అని అడిగాడు.

“అందరూ చెరిపేయమంటున్నారు,” అన్నారు త్రివిక్రమ్.

“అయితే నేనూ అంతేనండి.”

హైమావతి ఆయన్ని చూసింది. గుండె మీద చొక్కా లేస్తోంది, దిగుతోంది. ఎక్కడా తడబాటు లేదు. ఈ మనిషి ఊపిరాడుతూ ఉండాలనే కదా తను ఇదంతా చేసింది. చేతిని మీట మీద పెట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. నొక్కింది. చప్పట్లు మోగాయి, కాజాలు పంచారు, సత్తిరాజు కూడా ఒకటి తీసుకుని బాగుందండి అన్నాడు.

నెలాఖరుకి ఆడవాళ్ళ సగటు బొమ్మ కూడా సిద్ధమైంది. పొద్దున్నే గేటు తెరిచేసరికి వరస ఉంది. అందులో జబ్బున్నవాళ్ళు పెద్దగా లేరు. బడిలో చేర్చేముందే పిల్లల్ని సరిపోల్పిస్తే నయమని తీసుకొచ్చిన తల్లులున్నారు, పెళ్ళిచూపులకి ముందు వచ్చిన అమ్మాయిలున్నారు, ఉద్యోగం ఖాయమైన కుర్రాళ్ళున్నారు. అందరి ముఖాల్లోనూ ఉత్సాహమే. హైమావతి ఆ రోజు సెలవు పెట్టి వరసలో నిలబడింది. ఆ ఇంట్లో సగటుకి సరిపోనిది ఇప్పుడు ఆవిడొక్కతే.

“మీకేం జబ్బండీ?” అని ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగి అడిగింది.

“మా ఆయన ఇదివరకు ఎలా మాట్లాడేవాడో ఇంకా జ్ఞాపకం ఉందమ్మా,” అంది హైమావతి.

“అయ్యో,” అందా అమ్మాయి. “పోతుంది లెండి,” అని, వరస కదిలితే ముందుకి జరిగింది. హైమావతి కూడా జరిగింది.