పంతొమ్మిది పాయింట్ల భార్య

ఆ శనివారం కౌస్తుభ్ పెట్టుకున్న పని చిన్నదే. ఆరేళ్ల కూతురు దేదీప్యను స్విమ్మింగ్‌కి తీసుకెళ్లి, పిల్ల ఈదే గంటలో కారులో కూర్చుని కెనడా దరఖాస్తు నింపెయ్యాలి. భార్య భవితకు తీరిగ్గా తరవాత చెప్పొచ్చు. తీరిగ్గా చెబుదామనుకున్న మాటలెప్పుడూ కొంపలే ముంచుతాయి.

అమెరికాలో కాపెల్ అనే ఊళ్లో ఇల్లు కొన్నాడు గానీ, గ్రీన్ కార్డు వరసలో పదకొండేళ్లుగా నిలబడే ఉన్నాడు. డిసెంబరులో ప్రాజెక్టు మూసేస్తున్నామని ఆఫీసులో చెప్పేశారు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. కెనడాలో వరస గొడవ లేదు. అక్కడ మనిషిని తూకం వేస్తారు. వయసుకిన్ని, చదువుకిన్ని, ఇంగ్లీషుకిన్ని పాయింట్లు. ఎక్కువున్నవాళ్లకి ముందు పిలుపు.

ముప్పై ఎనిమిదేళ్లవాడంటే కెనడాకి పెద్ద మోజు లేదని లెక్క చూశాక తెలిసింది. కంగారులో అన్నీ మార్చి చూశాడు. భార్య వెంట వస్తుందా అన్న చోట రాదని నొక్కగానే పంతొమ్మిది పాయింట్లు పెరిగాయి. వస్తుందంటే మళ్లీ పడిపోయాయి. జాతకాల్లో ముప్పై ఆరుకి ముప్పై ఒకటి కలిశాయని ఇరువైపులా మురిసిపోయి చేసిన పెళ్లి అది. తడి జుట్టుతో కారెక్కిన దేదీప్య తెర మీదికి తొంగిచూసి, "డాడీ, నాకు ఎన్ని పాయింట్స్?" అనడిగింది. పిల్లలకి ఉండవని చెప్పాడు.

సలహాకి దామోదర్ అంకుల్‌కి ఫోన్ చేశాడు. గ్రీన్ కార్డులు సులువుగా వచ్చిన రోజుల్లో తెచ్చుకున్న పుణ్యాత్ముడు కాబట్టి కాపెల్‌లో సగంమందికి ఆయనే లాయరు. ఆయన ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడతాడు. పక్కనే ఆయన భార్య ఉమామహేశ్వరి బీన్స్ తరుగుతోంది.

"అంకుల్, భవితని తీసేస్తే నాకు బెటర్‌గా ఉంది. తర్వాత మెల్లగా చెప్తాను," అన్నాడు కౌస్తుభ్.

ఆవిడకి అంతవరకు చాలు. మధ్యాహ్నానికి ఆ మాట గుడి వంటగదికి చేరింది. సాయంత్రానికి భవిత గుమ్మంలో నాలుగు అల్యూమినియం ట్రేల నిండా వంటలున్నాయి. పులిహోర తెచ్చినావిడ విడాకుల లాయరు నంబరు కూడా ఇచ్చి, ధైర్యంగా ఉండమని భుజం తట్టి వెళ్లింది. ఆసుపత్రి ఫార్మసీలో పదిగంటలు నిలబడి వచ్చిన భవితకి ఎవరు పోయారో కూడా అర్థం కాలేదు.

కౌస్తుభ్ వివరించబోయాడు. వివరించకపోయినా బాగుండేది.

"ఇది మన కోసమే భవితా. పేపర్ మీదే. నీ వల్ల పాయింట్స్ తగ్గుతున్నాయి, అంతే."

"నా పాయింట్స్ ఎవరు లెక్కేశారు?"

"నువ్వెలాగూ డిపెండెంట్‌వి కదా."

అది అతను కావాలని అన్న మాట కాదు. పెళ్లయినప్పటినుంచి ప్రతి వీసా కాగితం మీదా ఆమె పేరు పక్కన అదే రాసి ఉంటే, నోటికి అదే అలవాటైంది. భవిత ట్రేలు ఫ్రిజ్‌లో సర్దేసింది. ఆమెకు బాధ వేసింది. ఏడిస్తే అతనికి తేలికవుతుందని ఏడవలేదు.

ఈలోగా గుడిలో తిరుగుతున్న కబురు కౌస్తుభ్ టీమ్ లీడ్ రుత్విక్‌కి చేరింది. అతను పాపం జాలిపడి, కుర్రాడికి ఇంట్లో కష్టాలున్నాయి, కెనడా వెళ్లిపోతున్నాడు, కాస్త చూడమని మేనేజరుకి చెప్పాడు. మేనేజరు చూశాడు. ఎలాగూ వెళ్లేవాణ్ణి డిసెంబరుదాకా ఆపడమెందుకని, అతని పేరు ఆగస్టులో తీసేసేవాళ్ల జాబితాలోకి మార్చాడు. అరవై రోజుల గడువు నాలుగు నెలలు ముందుకొచ్చి కూర్చుంది.

భార్యని తీసేసినా కౌస్తుభ్‌కి పిలుపు రాలేదు. కటాఫ్ అతనికి ఆమడ దూరంలో ఉంది. ఉద్యోగం పోయిన నలభయ్యో రోజు ఉదయం, భవిత ఫోను తెచ్చి అతని ముందు పెట్టింది. పిలుపు ఆమె పేరు మీద ఉంది. అతను తూకం వేసిన వారమే ఆమె తన డిగ్రీ కాగితాలు పంపిందట, ఇంగ్లీషు పరీక్ష రాసిందట. అతనికంటే ఐదేళ్లు చిన్నది, ఇంగ్లీషులో మంచి మార్కులు. పైగా మందులిచ్చే పని తెలిసినవాళ్లు కెనడాకి కావాలట. ఇన్నేళ్ల కాపురంలో ఆ ఉద్యోగాన్ని కౌస్తుభ్ కాలక్షేపం అనే అనుకున్నాడు.

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇల్లు నిలబడిందని నిజంగానే సంతోషపడ్డాడు.

"ఎప్పుడు బయల్దేరదాం?" అన్నాడు.

"నేనూ దేదీప్యా ముందు వెళ్తాం. నిన్ను కలిపితే మూడు పాయింట్స్ తగ్గాయి కౌస్తుభ్. నీ ఇంగ్లీష్ స్పీకింగ్ స్కోర్ వల్ల. కటాఫ్ కంటే రెండే పాయింట్స్ ఎక్కువతో గట్టెక్కాను. అక్కడ సెటిలయ్యాక నీకు స్పాన్సర్ చేస్తాను."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బతిమాలుకునేవాడు.

తండ్రి రాకుండా పిల్ల వెళ్లాలంటే, తనకి అభ్యంతరం లేదని ఆ తండ్రి నోటరీ ముందు సంతకం చేయాలి. మర్నాడు నోటరీ కూర్చునే బ్యాంకుకి వెళ్లాడు. నోటరీ అతని డ్రైవింగ్ లైసెన్సు చూసి, సంతకం చేయించుకుని, ముద్ర కొట్టి, అంతా సరిగ్గా ఉందని నవ్వుతూ కాగితం చేతికిచ్చింది.

అమెరికా వచ్చాక కౌస్తుభ్ పెట్టుకున్న కాగితాల్లో అదే రోజు పని పూర్తయినది అదొక్కటే.