మంచులో ముఖాలెందుకు?

ఫొటో అన్నాక మనిషి ముఖం కనబడి తీరాలన్న మూఢనమ్మకాన్ని మన జనం ఇంకా వదిలించుకోలేదు!

సోషల్ మాస్టారుగా దీన్ని ఖండించడం నా బాధ్యత. ఇంట్లో పొద్దున లేస్తే చూసే ముఖాన్నే మళ్ళీ కాగితం మీద కూడా చూడాలా? ఈ దురలవాటు మాన్పించడానికే భగవంతుడు ఆటోమేటిక్ కెమెరాను సృష్టించి, సింగపూర్ మీదుగా నూజివీడు పంపించాడు.

పాత కెమెరాల సంగతి మీకు తెలుసు. వెలుతురు చూసుకోవాలి, దూరం అంచనా వేయాలి, చక్రాలు తిప్పాలి. అంటే తీసేవాడికి తెలివి ఉండాలి! ఆటోమేటిక్‌తో ఆ బెడద లేదు. తెలివంతా దానిదే. ఎదురుగా తెల్లటిది ఎక్కువగా కనబడితే వెలుతురు మరీ ఎక్కువైందనుకుని కంగారుపడి, కన్ను సగం మూసుకుంటుంది. మీరు ఎంత తెల్లటి చోట నిలబడితే అంత నల్లగా వస్తారు. ఇంతకు మించిన వేదాంతం ఏ ఆశ్రమంలో దొరుకుతుంది?

మా స్కూల్లో లెక్కలు చెప్పే రామచంద్రమూర్తి గారు కుటుంబంతో కాశ్మీరు వెళ్ళి ముప్పై ఆరు ఫొటోలు తీసుకొచ్చారు. మంచంతా రైసుమిల్లు వెనక ఊక బూడిదలా ఉంది. దాని మీద నాలుగు నల్లటి ఆకారాలు. "ఇందులో మీరెవరండీ?" అని అడిగాను. ఆయన ఫొటోను అటూ ఇటూ తిప్పి, "ఎత్తుని బట్టి చూస్తే ఈ చివరిది నేనే అయ్యుండాలండీ" అన్నారు. లెక్కల మాస్టారు కదా! వాళ్ళావిడ మాత్రం లావుగా పడ్డానని ఒక్కసారి కూడా బాధపడలేదు. ఎన్ని కాపురాలు నిలబెడుతోందండీ ఈ యంత్రం!

మా ఊళ్ళో స్టూడియో నడిపే గంగాధరానికే ఈ ప్రగతి గిట్టదు. ఎనభై ఆరు మే నెలలో మా అమ్మను బదరీ యాత్రకు తీసుకెళ్తూ, రీలు కోసం అతని దగ్గరికి వెళ్ళాను. మామిడికాయల సీజన్‌లో ఊరు విడిచి పోయేవాణ్ణి ఇక్కడ వింతగా చూస్తారు. అతను నాకన్నా నా కెమెరాను ఎక్కువ వింతగా చూశాడు.

"మాస్టారూ, మంచులో తీసేటప్పుడు ఈ పక్కనున్న చిన్న మీట నొక్కి పట్టుకోండి. వెలుతురు ఇంకాస్త లోపలికి పడుతుంది. లేకపోతే ముఖాలు రావండీ" అన్నాడు.

ఎంత పొగరు! జపాను వాడు చేసిన యంత్రానికి, పెళ్ళి పందిళ్ళలో లైట్లు మోసుకు తిరిగే మనిషి పాఠం చెబుతాడా?

"ఆటోమేటిక్ అంటే ఏంటో తెలుసా గంగాధరం? అన్నీ అదే చూసుకుంటుంది" అన్నాను. అతను రీలు కాగితంలో చుట్టి ఇచ్చాడు.

మా అమ్మ సూర్యకాంతమ్మ. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని డెబ్బై ఏళ్ళు కెమెరాకు దొరక్కుండా తిరిగిన మనిషి. నా పెళ్ళి ఫొటోలో కూడా ఆవిడ ఉన్నచోట వీపే ఉంది. అలాంటి మా అమ్మ బదరీలో ఒక పొద్దున, తెల్లచీర కొంగు తలమీదుగా కప్పుకుని, గుప్పెడు మంచు అరచేతిలో పట్టుకుని, చిన్నపిల్లలా నవ్వుతూ నిలబడింది.

"ఒరే, ఇంత తెల్లటి చోటికి నేను మళ్ళీ వస్తానేంటి? తియ్యి. ఒక్కటే సుమా!" అంది.

తీశాను. మీట జోలికి పోలేదు.

కెమెరా తన ధర్మం తాను నిర్వర్తించింది. బూడిదరంగు కొండ, బూడిదరంగు చీర, కొంగు కింద నల్లటి గుంట. ఆ దసరాలకే అమ్మ పోయింది. ఫొటో తీయడం వల్ల అనకండి. ఆ ఫొటోలో ఆవిడ లేనే లేదు!

సంవత్సరీకానికి పటం కావాలి కదా. నెగటివ్ పట్టుకుని గంగాధరం దగ్గరికే వెళ్ళాను. అతను దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశాడు.

"ముఖం దగ్గర ఏమీ పడలేదండీ మాస్టారూ. ఉత్త అద్దంలా ఉంది" అన్నాడు. మీట మాట ఎత్తలేదు. ఎత్తి, నాలుగు చివాట్లు పెట్టినా బాగుండేది.

తర్వాత నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, పెన్సిలు చెక్కుకున్నాడు. "అమ్మగారి పోలికలన్నీ మీవే కదండీ. మిమ్మల్ని చూసి గీసేస్తాను. మీసం వదిలేస్తే సరి. కాస్త నవ్వండి."

నవ్వడానికి చూశాను. రాలేదు.

ముఖాలెందుకని ఇందాక మిమ్మల్ని అడిగాను. నాకు ఒక్క ముఖం కావాలండీ. మంచు పట్టుకుని నవ్విన ఆ ముఖం. అది ఏ స్టూడియోలోనూ దొరకదు.

పటం మాత్రం బాగానే కుదిరింది. అచ్చం నేనేనని బంధువులంతా మెచ్చుకున్నారు. తెల్లచీర కట్టుకుని, మూతి బిగించుకుని, మా గోడ మీద నేనే ఉన్నాను. తద్దినం నాడు స్నానం చేసి, దండ వేసి, నాకు నేనే దణ్ణం పెట్టుకుంటున్నాను.