హృషికేశ్ బండికి అవేట్ లేదు

ఒకరి కోసం ఒకరు ఆగడమంత దండగమారి పని ఈ లోకంలో లేదు! నమ్మరా? నాచారంలో కంప్యూటర్ గేములు తయారుచేసే హృషికేశ్‌ని చూడండి.

గేములో హీరోకి "తలుపు తెరువు" అని స్క్రిప్టు రాస్తే, ఒకప్పుడు పాపం అది పూర్తిగా తెరుచుకునేదాకా హీరో నోరెళ్ళబెట్టుకుని నిలబడేవాడు. ఇప్పుడు ఎసింక్ పద్ధతి వచ్చింది. తలుపు పని తలుపుది, హీరో పని హీరోది! ఆగి తీరాల్సిన చోట మాత్రం "అవేట్" అని ఒక్క మాట రాయాలి. అది రాయడం హృషికేశ్‌కి నామోషీ. అందుకే అతని హీరో మూసిన తలుపుకే నుదురు కొట్టుకుంటూ ఉంటాడు. వేగం ముఖ్యం గానీ, నుదురుదేముంది?

ఇంత గొప్ప విద్యను ఆఫీసుకే పరిమితం చేయడం న్యాయమా? పొయ్యి మీద పాలు పెట్టి స్నానానికి వెళ్ళాడు. స్నానమూ అయింది, పాలూ పొంగాయి. ఒకే సమయంలో రెండు పనులు!

మొన్న సోమవారం పది గంటలకు ఘట్‌కేసర్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అతని భార్య అమృతకి లెక్చరర్ ఇంటర్వ్యూ. నాలుగేళ్ళు ఎదురుచూస్తే వచ్చిన పిలుపు. సర్టిఫికెట్లు, ఫోను ఉన్న సంచిని ఆమె బండి ముందు కొక్కేనికి తగిలించింది.

"జర ఆగు, తాళమేసొస్త."

హెల్మెట్ పెట్టుకున్న చెవులకు ఆ మాట చేరలేదు. బండి కదిలింది. ఉప్పల్ దాటి ఘట్‌కేసర్ దాకా వెనక్కి తిరగకుండా ధైర్యం చెబుతూనే ఉన్నాడు. "ఫికర్ జెయ్యకు. ఏదడిగినా తడబడకు. నేనున్న కదా!"

ఆమె ఒక్క మాటకైనా అడ్డు చెప్పలేదు. ఇంత శ్రద్ధగా వినే భార్య ఎంతమందికి దొరుకుతుంది?

కాలేజీ గేటు ముందు తిరిగి చూస్తే సీటు ఖాళీ. వెనక్కి వెళ్తే దారిలో ఒకరికొకరు తప్పిపోతారేమో! సంచిని ఒళ్ళో పెట్టుకుని, జీవితంలో మొదటిసారి ఆగాడు.

పదకొండు గంటలకు పక్కింటి బాలరాజు ఆటోలోంచి అమృత దిగింది. "నేనెక్కిననో లేదో గూడ సూడవా?" అని సంచి లాక్కుని లోపలికి పరుగెత్తింది.

లోపల మరీ ఘోరం. ఇంటర్వ్యూ చేసే హైమావతి మేడమ్ మిగతా అందర్నీ పంపించేసి కూడా కుర్చీలోంచి లేవలేదు! "ముందు నీళ్ళు తాగమ్మా. నీ కోసమే ఆగిన," అంది. అరగంట మాట్లాడింది. ఉద్యోగమిచ్చింది.

చూశారా అన్యాయం! మనిషి కోసం మనిషి ఆగితే దేశం ఎప్పుడు బాగుపడాలి? ఆ మేడమ్ పుణ్యమా అని హృషికేశ్ కూడా చెడిపోయాడు. అమృత ఎక్కి, సర్దుకుని, భుజం మీద చెయ్యి వేసేదాకా ఇప్పుడు బండి కదిలించడు.

నిన్న ఉప్పల్‌లో వాళ్ళ వెనక ఎడతెరిపి లేకుండా హారన్ కొట్టినవాణ్ణి నేనే. నాకంత అర్జెంటు పని ఏముందో మాత్రం ఇప్పటికీ గుర్తు రావడం లేదు.