పద్దెనిమిది అంకెల అదృష్టం

మన ట్రామ్ టికెట్టు మీద ఆరంకెలు పీకేసి పద్దెనిమిది అంకెలు వేయించిన మహానుభావుడెవరో గానీ, ఆయనకి వోల్గా ఒడ్డున నిలువెత్తు విగ్రహం పెట్టాలి! నేను వేళాకోళానికి అనడం లేదు.

ఆరంకెల కాలంలో మనం చేసిందేమిటి? మొదటి మూడూ కూడటం, చివరి మూడూ కూడటం, రెండూ సమానమైతే "అదృష్టం!" అని అరిచి టికెట్టు నమిలి మింగేయడం. 428509 వచ్చిందా? అటు పద్నాలుగు, ఇటు పద్నాలుగు, గుటుక్కు! తనిఖీకి ఇన్‌స్పెక్టరొస్తే పొట్ట చూపించేవాళ్ళం. ఇదీ ఒక నాగరికతేనా?

ఇప్పుడు అటు తొమ్మిది, ఇటు తొమ్మిది. ట్రామంతా వేళ్ళు మడుస్తూ కూర్చుంటోంది. కిటికీ కోసం తగువుల్లేవు, ధరల మీద ఏడుపుల్లేవు. మా పక్కింటి అర్కాదీ సంతకని ఎక్కి, కూడిక మధ్యలో తన స్టాపు దాటి, డిపో చేరి, మళ్ళీ మొదటినుంచి కూడుతూ అక్కడే రిటైరయ్యాడు! పైగా పొదుపు. వెనకటికి పద్దెనిమిది టికెట్లకొకటి అదృష్టానిది. ఇప్పుడు ముప్పైకొకటి. అదృష్టాన్ని అలా దుబారా చేస్తే ఏ దేశం బాగుపడుతుంది?

అన్నిటికంటే మేలు, పక్షపాతం పోయింది. మా అయిదో నంబరు ట్రామ్ కండక్టరు జినాయిదా పావ్లోవ్నాని చూడండి. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. టికెట్లు వరసగా చింపుతుంది కాబట్టి, మీకు ఒకటి తక్కువైందంటే మీ వెనకవాడికి సరిగ్గా సరిపోతుంది. ఒకసారి పరీక్షకెళ్తున్న ల్యూబా అనే పిల్లకి 428508 వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఈవిడ వెనకాయన్ని పట్టుకుంది.

"ఏయ్ టోపీ! నీ టికెట్టు ఈ పిల్లకియ్యి. చేపలు పట్టడానికి పోయేవాడివి, నీకెందుకయ్యా అదృష్టం?"

ఎంత అన్యాయం! ఇప్పుడు టికెట్లిచ్చే యంత్రం అలా చేస్తుందా? మీ తర్వాతి నంబరు ఏటి అవతల ఏ ట్రామ్‌లోనో ఎవరికో పోతుంది. అందుకే ఒకటో తారీఖున కండక్టర్లందర్నీ ఇంటికి పంపేశారు. మంచిపనే కదూ?

నిన్న జినాయిదా ప్రయాణికురాలిగా ఎక్కింది. ఏదో బడి వంటింట్లో గిన్నెలు కడిగే పని ఉందంటే అడగడానికి వెళ్తోందట. యంత్రం చీటీ కక్కింది. 407318562290651732.

"కళ్ళజోడు తేలేదు గెన్నాదీ, కాస్త కూడి పెట్టవూ? ఇవాళ నాకు కావాలి," అని చీటీ నాకందించింది.

మూడు స్టాపులు దాటేదాకా కూడుతూనే ఉన్నాను. అటు ముప్పై ఆరు. ఇటు ముప్పై అయిదు. మళ్ళీ కూడాను. మళ్ళీ ముప్పై అయిదే. చచ్చినా మారదే!

"ముప్పై ఆరు, ముప్పై ఆరు!" అన్నాను.

ఆవిడ నా వంక చూసి, చీటీ మడిచి నోట్లో వేసుకుని నమిలింది.

"నాకు చెప్తావేంటయ్యా," అంది మింగాక. "ఒకటి తక్కువైనవాళ్ళ మొహం ఎలా ఉంటుందో ఇరవై ఆరేళ్ళు చూశాను."